కోరంటి నుంచి కంటైన్‌మెంట్ దాకా

హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని మా పెద్దవాళ్లు ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు. వాళ్లకది కోరంటి దవాఖాన. 'క్వారంటైన్' అన్న మాట తెలంగాణ నోట్లో పడి, అరిగి అరిగి కోరంటి అయింది. నిజాం కాలంలో ప్లేగు రోగుల్ని ఊరికి దూరంగా ఉంచడానికి 1915లో ఎర్రన్నగుట్ట దగ్గర మొదలై, 1923లో నల్లకుంటకు మారిన ఆసుపత్రి అది. పక్కన 'దవాఖాన' ఉర్దూ, ముందు 'కోరంటి' తెలుగు చేసుకున్న ఇంగ్లీషు. అంటురోగం వచ్చినప్పుడు ఈ నేల మీద హిందువూ ముసల్మానూ ఒకే మాటను పంచుకున్నారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వంద సంవత్సరాల తర్వాత, 2020లో మళ్లీ ఒక రోగం వచ్చింది. ఈసారి మాటలు కూడా విడిపోయాయి. మిగతా వాళ్లకు క్వారంటైన్. మాకు 'మర్కజ్'.

మేం రెండు భాషల్లో వార్తలు రాసేవాళ్లం. పొద్దున ఉర్దూ పత్రిక, ఆ వెంటనే తెలుగు పత్రిక చదివే అలవాటు మాది. 2020 మార్చి చివరి వారంలో ఈ రెండూ రెండు వేర్వేరు దేశాల పత్రికల్లా కనిపించాయి. ఉర్దూలో మొదటి పేజీ నిండా ఉలేమాల విజ్ఞప్తులు - జుమా నమాజు ఇంట్లోనే చేసుకోండి, మసీదుకు రావద్దు, ఇమామూ మౌజనూ ఇద్దరు ముగ్గురు చాలు అని. తెలుగులో మొదటి పేజీ నిండా టోపీలు, గడ్డాలు, బస్సుల్లోకి ఎక్కుతున్న మనుషులు. ఉర్దూ చదవని లౌకికవాద మిత్రులకు ఆ మొదటి పేజీ తెలియదు. మాకు మాత్రం రెండూ తెలుసు. అందుకే ఈ చరిత్రను రాసే బాధ్యత కూడా మా మీదే పడింది.

కట్టడి ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు ఎత్తాలి, ఎంతవరకు సడలించాలి - ఈ చర్చ 2020లో పుట్టింది కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో బ్రిటిష్ సర్కారు అంటురోగాల చట్టం తెచ్చింది. నాలుగంటే నాలుగు సెక్షన్లు. దాని బలంతో పూనాలో రాండ్ అనే అధికారి సోల్జర్లను ఇళ్లలోకి పంపాడు. వంటింట్లోకి, దేవుడి గదిలోకి, జెనానాలోకి. 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు రాండ్ మీద కాల్పులు జరిపారు. ఇది అన్ని పాఠ్య పుస్తకాల్లోనూ ఉంటుంది. 1898 మార్చిలో బొంబాయి మదన్‌పురాలో జులాహా నేతగాళ్లు, మా ముస్లింలే, ప్లేగు సిబ్బంది మీద తిరగబడిన సంగతి మాత్రం ఏ పాఠంలోనూ ఉండదు. అక్కడా గొడవ రోగి అయిన ఒక ఆడపిల్లను ఇంట్లోంచి తీసుకుపోవడం గురించే. 1900లో కాన్పూర్‌లో జనం ప్లేగు శిబిరం మీద పడ్డారు. ఇంత జరిగాక గానీ సర్కారుకు బుద్ధి రాలేదు. బలవంతపు తనిఖీలు, బలవంతపు తరలింపులు మెల్లగా సడలించారు. ఊరి పెద్దల్ని, హకీములను, వైద్యులను కలుపుకొని పోయే పద్ధతికి వచ్చారు. జనం నమ్మకపోతే రోగిని దాస్తారు, దాస్తే రోగం పెరుగుతుంది అన్న చిన్న సత్యం తెలుసుకోవడానికి మూడు నాలుగేళ్లు, ఎన్నో ప్రాణాలు ఖర్చయ్యాయి.

మరి మా వైపు? ప్లేగు ఉన్న ఊళ్లోకి పోవద్దు, ఉన్న ఊరి నుంచి పారిపోవద్దు అన్న ప్రవక్త మాట ప్రతి మదర్సా పిల్లవాడికీ తెలుసు. ఖలీఫా ఉమర్ సిరియా పోతూ, అక్కడ అమ్వాస్ ప్లేగు ఉందని తెలిసి దారిలోంచే వెనక్కి తిరిగాడు. అల్లా రాసిన రాత నుంచి పారిపోతావా అని అబూ ఉబైదా అడిగితే, ఒక రాత నుంచి ఇంకో రాతకే పోతున్నాను అన్నాడట. ఇంతటి గతం ఉన్న సమాజం మాది. అయినా 2020 మార్చిలో 'అల్లా ఉండగా రోగమేమి చేస్తుంది' అని మాట్లాడిన వాళ్లు మా మధ్య ఉన్నారు. లేరని అబద్ధమెందుకు? ఢిల్లీ నుంచి వచ్చి, పేరు చెప్పడానికి భయపడి ఇంట్లో ముడుచుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ మొదటి వాళ్లది మూఢత్వం. రెండో వాళ్లది భయం. ఈ రెంటినీ కలిపి 'కుట్ర' అని పేరు పెట్టడమే మా అభ్యంతరం.

లెక్కలు ఒకసారి చూద్దాం. నిజాముద్దీన్ మర్కజ్‌లో సమావేశం మార్చి 13 నుంచి 15 దాకా. కరోనాను ఆరోగ్య అత్యవసర పరిస్థితి అనలేమని కేంద్ర ఆరోగ్య శాఖ అధికారి చెప్పింది కూడా ఆ మార్చి 13నే. మన రాష్ట్రంలో లాక్‌డౌన్ మొదలైంది మార్చి 22న, జీవో 45 తో. దేశమంతా మార్చి 25 నుంచి. మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం, మర్కజ్‌కు పోయివచ్చిన వాళ్లలో ఆరుగురు చనిపోయారని ప్రకటించింది. ఆ ప్రకటన అవసరమైందే, సరైందే. వెళ్లొచ్చిన వెయ్యి మందికి పైగా మనుషుల్ని వెతికి పట్టుకోవాల్సిందే. తప్పు ప్రకటనలో లేదు. మర్నాటి నుంచి ప్రతి కేసు పక్కనా 'మర్కజ్' ముద్ర వేసి లెక్క చెప్పడంలో ఉంది. ఏప్రిల్ 18 నాటికి దేశంలోని 14,378 కేసుల్లో 4,291 తబ్లీగీ జమాత్‌తో ముడిపడినవని కేంద్రం చెప్పింది. ఆ రోజుల్లో పరీక్షలు చేసింది ప్రధానంగా ఎవరికి? విదేశాల నుంచి వచ్చిన వాళ్లకు, మర్కజ్ వాళ్లకు, వాళ్లను కలిసిన వాళ్లకు. చూసిన చోటే దొరుకుతుంది కదా! సామాజిక వర్గాల మీద నింద వేయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖే ఏప్రిల్ 8న సూచనలిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ముందే చెప్పింది. ఈ మాటలు మాత్రం మా బజార్ల దాకా రాలేదు. బజారుకు వచ్చింది 'కరోనా జిహాద్' అన్న మాట. పండ్ల బండి తోసే మా వాణ్ని ఆపి 'నీ పేరేంది' అని అడగడం వచ్చింది.

ఇక మా ఊళ్ల సంగతి. 2016 అక్టోబర్ దాకా మూడూ ఒకే నల్గొండ జిల్లా. తర్వాత సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా అయ్యాయి, మిర్యాలగూడ నల్గొండలో మిగిలింది. ఈ గీత ఇంత పనికి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

సూర్యాపేటలో కేసులు మర్కజ్ సంబంధంతోనే మొదలయ్యాయి. అది నిజం. కానీ అక్కడ ఆగలేదు. కూరగాయల మార్కెట్ బజారుకు పాకింది. మార్కెట్ అంటే ఏమిటి? తెల్లారకముందే లారీలు దిగే చోటు. హమాలీలు, దళారులు, చిల్లర వ్యాపారులు, పల్లెల నుంచి వచ్చే తోపుడు బండ్ల వాళ్లు ఒకరి మీద ఒకరు పడే చోటు. పట్టణంలో అన్నీ మూసి, పొద్దున కొన్ని గంటలు సరుకులకు వదిలితే ఊరంతా ఆ కొన్ని గంటల్లో ఆ ఒక్క బజారులోకే వస్తుంది. రోగానికి కులమతాలు లేవన్నది మర్యాద కోసం చెప్పే మాట కాదు. సూర్యాపేట మార్కెట్టే దానికి సాక్ష్యం. ఏప్రిల్ 21న రాష్ట్రం మొత్తం మీద 56 కొత్త కేసులు వస్తే వాటిలో 26 సూర్యాపేటవే. జిల్లా లెక్క ఎనభైకి చేరింది. మర్నాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేశ్ కుమార్, డీజీపీ మహేందర్ రెడ్డి స్వయంగా వచ్చారు. వీధులకు బారికేడ్లు. కంటైన్‌మెంట్ జోన్. పాలు, బియ్యం గుమ్మం దగ్గరికే.

అప్పుడే ఇంకో వార్త వచ్చింది. ఇరుగు పొరుగుతో అష్టాచమ్మా ఆడిన ఒక ఆడమనిషి వల్ల 31 మందికి అంటుకుందని పత్రికలు రాశాయి. ఊరు నవ్వింది, తిట్టింది. నెల కింద జమాతీ, ఈ నెల అష్టాచమ్మా ఆడిన ఆడది. ఇంటి నుంచి బయటికి రావద్దంటే ఇంట్లో ఆడుకున్న మనిషి చేసిన నేరమేమిటి? ఇరుకు గల్లీలో రెండు గదుల ఇల్లు, ఉమ్మడి వాకిలి. అక్కడ 'భౌతిక దూరం' అన్న మాటకు అర్థం చెప్పేవాళ్లెవరు? నింద ఎప్పుడూ గొంతు లేని వాడినే వెతుక్కుంటుంది. ఈసారి ఆ గొంతు ముస్లింది కాకుండా పోయినందుకు మాలో కొందరు ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి పీల్చుకోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

సూర్యాపేటలో ఆ తర్వాత కొత్త కేసులు తగ్గుముఖం పట్టాయి. రోగం తగ్గిందా, పరీక్షలు తగ్గాయా? ఈ ప్రశ్న వీధుల్లోనే కాదు, హైకోర్టులోనూ వినిపించింది. సూర్యాపేటలో పరీక్షలు ఎందుకు ఆపారని 2020 మేలో హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది. సడలింపు గురించి జరగాల్సిన అసలు చర్చ ఇదే. ఎవరు తెచ్చారన్నది కాదు, ఎంతమందిని పరీక్షించారన్నది. అప్పటికే ఏప్రిల్ నడుమ ప్రపంచ ఆరోగ్య సంస్థ కట్టడి ఎత్తేసే ముందు చూసుకోవాల్సిన ఆరు షరతులు చెప్పి ఉంది. వ్యాప్తి అదుపులో ఉండాలి, ప్రతి కేసునూ పట్టి, పరీక్షించి, విడిగా ఉంచి, కలిసిన వాళ్లను వెతికే శక్తి ఉండాలి, ఇంకా ఆసుపత్రులు, బడులు, పనిచేసే చోట్ల జాగ్రత్తలు. చివరి షరతు, జనానికి విషయం తెలిసి, వాళ్లు పాలుపంచుకోవాలి. ఆ చివరిది మా దగ్గర ఎవరూ చదివినట్టు లేదు. పట్టుకోవడం తెలిసింది గానీ పాలుపంచుకోనివ్వడం తెలియలేదు.

మే 1న కేంద్రం జిల్లాలకు రంగులు వేసింది. సూర్యాపేట రెడ్, నల్గొండ ఆరెంజ్. అంటే కోదాడలో ఎర్ర రంగు, మిర్యాలగూడలో నారింజ. ఒకే రకం దర్జీ, ఒకే రకం గాజుల దుకాణం. ఒక ఊళ్లో షట్టరు ఎత్తవచ్చు, ఇంకో ఊళ్లో ఎత్తితే లాఠీ. జిల్లాల విభజనలో ఎటు పడ్డారన్న దాన్ని బట్టి ఆ ఏడాది రంజాన్ గడిచింది. ఏప్రిల్ 25న మొదటి రోజా, మే 25న ఈద్. పదకొండు నెలల అప్పు ఆ ఒక్క నెల కుట్టుపనితో తీర్చే దర్జీలు మా వాళ్లలో ఎంతమందో! ఆ ఏడు మిషన్ల మీద గుడ్డ కప్పి ఉంది. సేమ్యాకు పాలు లేక కాదు, కొత్త బట్టలు అడిగేవాళ్లు లేక ఈద్ వెలవెలబోయింది.

మే 6న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు, పదహారు శాతం ధర పెంచి. కంటైన్‌మెంట్ జోన్లు తప్ప రెడ్ జోన్లలో సైతం. మందు కోసం కిలోమీటరు క్యూలు. మసీదులు, గుళ్లు, చర్చిలు జూన్ 8 దాకా మూతే. మా కుర్రవాళ్లు రగిలిపోయారు. 'వైన్ షాపు తెరిస్తే రాని కరోనా తరావీహ్ నమాజుకొస్తదా?' అని అడిగారు. ఈ ప్రశ్న మాకు తెలుసు, ఆ కోపమూ తెలుసు. కానీ ఆ వాదనను మేం ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోం. వైన్ షాపు తెరవడం తప్పయితే దాన్ని మూయమనాలి, మసీదు తెరవమని కాదు. భుజానికి భుజం కలిపి నిలబడి, మూసిన హాలులో గంటన్నర సేపు చేసే తరావీహ్ ఆ రోజుల్లో ప్రమాదమే. మక్కాలో ఉమ్రా ఫిబ్రవరి చివరనే ఆపేశారు. ఆ ఏడు హజ్‌కు ఆ దేశంలో ఉన్నవాళ్లనే, అదీ వెయ్యి మంది దాకానే అనుమతించారు. కాబా ముందు లేని జనం మా మొహల్లా మసీదులో ఉండాలా? ఉలేమాలు ఈ విషయంలో గట్టిగా నిలబడ్డారు. మాలో చాలామంది పెద్దలు బతికి బట్టకట్టింది అందువల్లే. దీని గురించి తెలుగు పత్రికల్లో ఒక సంపాదకీయం వచ్చి ఉంటే ఎంత బాగుండేది! ఖజానా నిండటం కోసం సడలించిన సర్కారు, ప్రాణాల కోసం కట్టడి పాటించిన మసీదు - ఈ పోలిక ఎవరికీ తట్టలేదు.

మిర్యాలగూడది వేరే కథ. రైస్ మిల్లుల ఊరది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక పెరిగిన మిల్లులు. బస్తా ఎత్తే హమాలీ మాత్రం బీహార్ నుంచి రావాలి. 2020 యాసంగిలో వడ్లు విపరీతంగా పండాయి. మిల్లుల్లో ఎత్తేవాళ్లు లేరు. మే 1న దేశంలోనే తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పోయింది, వలస కూలీలను ఇళ్లకు చేరుస్తూ. వారం తిరిగేసరికి బీహార్ ఖగరియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలను ఎక్కించుకొని ఇంకో రైలు లింగంపల్లికి వచ్చింది. మంత్రి ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. అక్కడి నుంచి బస్సుల్లో మిర్యాలగూడకూ, మిగతా మిల్లుల ఊళ్లకూ. వాళ్లలో హిందువులెందరో ముస్లింలెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. చాలా సంతోషం. బస్తా ఎత్తే భుజానికి మతం అడగరు. ఆ భుజమే బండి మీద మామిడి పండ్లు పెట్టుకొని మా వీధిలోకి వస్తే అడుగుతారు.

కోదాడ సరిహద్దు ఊరు. 1948కి ముందు నిజాం రాజ్యానికీ బ్రిటిష్ ఆంధ్రకూ మధ్య ఇక్కడే గీత. కరోడ్‌గిరి వాళ్లు మూటలు విప్పి సుంకం వసూలు చేసిన రోజులు అవి. అదే దారిన 1948 సెప్టెంబర్‌లో విజయవాడ వైపు నుంచి సైన్యం కోదాడ, సూర్యాపేట మీదుగా వచ్చింది. ఆ తర్వాత రజాకార్లు చేసిన పాపానికి రజాకార్లు కాని ముస్లింలు ఎట్లా లెక్క చెప్పాల్సి వచ్చిందో మా నానమ్మలు చెప్పేవాళ్లు. ఇదే నల్గొండ జిల్లాలో దేశ్‌ముఖ్‌ను ఎదిరించి 1940లో ప్రాణమిచ్చిన షేక్ బందగీ, రజాకార్లకు వ్యతిరేకంగా రాసి 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లోనే హతమైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ - వీళ్లెవరూ ఆ లెక్కలో అడ్డు రాలేదు. ఒకరు చేస్తే అందరూ చేసినట్టే. 1948లో రజాకార్, 2020లో జమాతీ. పేరు మారింది, కొలబద్ద మారలేదు.

ఆ పాత గీత మీద 2020 మార్చిలో మళ్లీ తాళం పడింది. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయిస్తే పోలీసుల పాసులు చేతబట్టుకొని ఆంధ్రాకు బయల్దేరిన పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. వదిలింది ఒక రాష్ట్రం, రానివ్వనిది ఇంకో రాష్ట్రం. 2021 మేలో ఇదే తలకిందులైంది. ఈసారి ఆంధ్రా నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను మన పోలీసులు కోదాడ దగ్గర రామాపురం వద్ద ఆపారు. లోపల ఆక్సిజన్ మీద మనిషి. మే 14న, సరిగ్గా ఈద్ రోజున, హైకోర్టు ఆ ఆదేశాలు నిలిపివేసింది. అంతకు రెండు రోజుల ముందే రాష్ట్రంలో రెండో లాక్‌డౌన్ మొదలైంది. పొద్దున ఆరు నుంచి పది దాకా నాలుగు గంటల సడలింపు. మళ్లీ అదే తప్పు! రోజంతా చెదిరి రావాల్సిన జనాన్ని నాలుగు గంటల్లోకి కుక్కితే బజారు ఏమవుతుంది? సూర్యాపేట మార్కెట్ నేర్పిన పాఠం ఏడాదిలోనే మరిచారు. మే 31 నుంచి ఒంటిగంట దాకా, జూన్ 10 నుంచి సాయంత్రం అయిదు దాకా పెంచుకుంటూ పోయి జూన్ 20న ఎత్తేశారు. ఈ మెట్లు మెట్లుగా సడలించడం మంచి పద్ధతే. మొదటి మెట్టే మరీ ఇరుకైంది.

ఆ రెండో అల ముందు ఏప్రిల్ 14న, మిర్యాలగూడకు దగ్గర్లోని హాలియాలో, నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం ముఖ్యమంత్రి బహిరంగ సభ జరిగింది. వేలాది జనం. అయిదు రోజులకు ముఖ్యమంత్రికే కరోనా అని ప్రకటించారు. ఆ సభకు పోయిన వాళ్లకు ఎవరైనా ఒక పేరు పెట్టారా? 'హాలియా కేసులు' అని బులెటిన్‌లో విడిగా లెక్క కట్టారా? కట్టలేదు. కట్టాలని మేం కోరడం లేదు. కట్టకుండా ఉండటం ఎట్లాగో వాళ్లకు తెలుసని మాత్రం గుర్తు చేస్తున్నాం.

ఇంకో జ్ఞాపకం చెప్పాలి. 2020 జూన్‌లో గల్వాన్‌లో వీరమరణం పొందిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయన పార్థివదేహం ఊరికి వచ్చినప్పుడు మూడు నెలలుగా తలుపులు వేసుకున్న పట్టణం రోడ్ల కిరువైపులా నిలబడింది. మా వాళ్లూ నిలబడ్డారు. పూలు చల్లారు. ఆ రోజు ఎవరూ ఎవర్నీ దూరం జరగమనలేదు. వైద్యుల మాట ప్రకారం జరగమనాల్సిందే గానీ, ఆ రోజు అనకపోవడం మాకు వేరే కారణంగా బాగుందనిపించింది.

మరి ఆ కేసులేమయ్యాయి? 2020 ఏప్రిల్‌లో రోగం తగ్గిన జమాత్ వాళ్లు ఢిల్లీలో ప్లాస్మా దానం చేశారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి - ఒకప్పటి మా నిజాం రాజ్యపు ఔరంగాబాదే - విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని అన్నది. డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా వదిలింది. 2021 సెప్టెంబర్ 2న సుప్రీంకోర్టులో, మీడియాలో కొందరు ప్రతిదానికీ మతం రంగు పులుముతున్నారని ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బాధపడ్డారు. కోదాడ దాటితే అప్పట్లో వచ్చే కృష్ణా జిల్లా మనిషే ఆయన. ఇక స్వదేశీయుల కేసులు? 70 మంది భారతీయుల మీద 16 కేసులు ఢిల్లీలో అట్లాగే నడిచాయి. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు వాటిని కొట్టేసింది. అయిదేళ్లు పట్టింది. వాళ్ల మీద మోపిన నేరం, లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన విదేశీ జమాత్ వాళ్లకు ఇళ్లలో, మసీదుల్లో నీడ ఇవ్వడం. ఆ వారాల్లోనే కోదాడ హైవే మీద మూటలు నెత్తిన పెట్టుకొని నడిచిపోతున్న కూలీలకు దారి పొడుగునా జనం అన్నం పెట్టారు, రాత్రికి బడి వరండాలోనో దాబా పందిరి కిందో పడుకోనిచ్చారు. వాళ్ల మీద ఎవరూ కేసు పెట్టలేదు.